పిల్లలకు దునియాను పరిచయం చేయడం ఎలా?



పోయినేడు మా ఆపా ఇంట్లో పెద్ద మష్వరా జరిగింది. మా భాంజీ అప్పుడు తొమ్మిదో తరగతి. స్కూల్లో టీచరమ్మ చెప్పిందని ఒక స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంకి దరఖాస్తు పెట్టింది. సెలెక్టయితే అమెరికాలో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంట్లో ఏడాదిపాటు ఉండాలి. అక్కడి హైస్కూల్లోనే చదవాలి. ఖర్చంతా వాళ్లదే. రాతపరీక్ష అయిపోయి, ఇక ఆఖరి ఇంటర్వ్యూ మిగిలిందనగా ఇంట్లో చెప్పింది పిల్ల.

మా అమ్మీ తస్బీ పక్కన పెట్టేసింది. "జవాన్ పిల్లను పరాయి ఇంటికి పంపుతారా? హలాల్ ఏది, హరామ్ ఏది, నమాజ్ వేళ ఎప్పుడు, ఎవరు చూస్తారు?" అంది. భాంజీ వాళ్ల అన్న డిగ్రీ చదువుతున్నాడు. వాడి షక్ వేరే. "మన మీద బాంబులేసే వాళ్లు మన పిల్లల్ని ముఫ్త్‌గా ఎందుకు పిలుస్తున్నారు మామూ? ఏదో మతలబ్ లేకుండానే?" అన్నాడు.

దూల్హేభాయ్ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆయన పద్నాలుగేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. ఆఖరికి ఒకే మాటన్నాడు. "పద్నాలుగేళ్లలో నేను ఒక్క అరబ్బు ఇంట్లో కూర్చుని చాయ్ తాగలేదు. వాళ్లు నన్ను చూడలేదు, నేను వాళ్లను చూడలేదు. ఈ పిల్లైనా ఒక ఇంట్లో కూర్చుంటుంది కదా."

తర్వాత అందరూ నా వైపు తిరిగారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి కదా. "తారీఖ్ చెప్పే ఉస్తాద్‌వి, నువ్వే ఫైసలా చెయ్" అంది ఆపా. వారం రోజులు మొహలత్ అడిగాను. ఇలా పిల్లల్ని దేశాలు దాటించే రివాజ్ ఎలా మొదలైందో ఆ వారంలో చదివాను. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది అదే.

దీని మొదలు ఏ బడిలోనో కాలేజీలోనో దొరకలేదు. అంబులెన్సుల్లో దొరికింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైంది. అమెరికా 1917 ఏప్రిల్ దాకా అందులో దిగలేదు. కానీ అక్కడి నౌజవాన్లు కొందరు తమంతట తామే ఫ్రాన్స్‌కు వచ్చారు. పట్టింది తుపాకీ కాదు, స్టీరింగ్. జఖ్మీ సిపాయిల్ని ఫ్రంట్ నుంచి ఆసుపత్రికి చేర్చే పని. హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చెప్పిన పియాట్ ఆండ్రూ అనే ఆయన 1915లో వీళ్లను ఒక జమాత్‌గా కూడగట్టాడు. దాని పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్, పొట్టిగా ఏ.ఎఫ్.ఎస్. ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్లే. ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ బండ్ల వెనక చెక్క డబ్బాలు కట్టించుకుని, గుళ్లు పడుతుంటే ఘాట్ రోడ్ల మీద నడిపేవాళ్లు. ఫ్రెంచ్ సిపాయిలతో కలిసి తినేవాళ్లు, వాళ్ల పక్కనే పడుకునేవాళ్లు. ఆ జంగులో దాదాపు 2,500 మంది పనిచేశారు. 127 మంది ప్రాణాలు పోయాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ అదే ఖిద్మత్. ఈసారి సర్దార్ స్టీఫెన్ గలాటీ. ఆయన కూడా మొదటి జంగులో అంబులెన్స్ నడిపినవాడే. వీళ్ల బండ్లు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో తిరిగాయి. మన ఇండియా, బర్మా సరిహద్దు దాకా కూడా వచ్చాయి. ఆ సరిహద్దులో పోరాడిన ఫౌజులో ఎక్కువమంది మన హిందుస్తానీ సిపాయిలే. అంటే ఆ బండ్లలో హిందువూ, ముసల్మానూ, సిక్కూ అందరూ స్ట్రెచర్ల మీద పడుకుని వెళ్లారన్నమాట. 1945లో బెర్గెన్-బెల్సెన్ అనే నాజీ క్యాంపు తలుపులు తెరిచాక, అక్కడ ఆకలికీ జబ్బుకీ చావుబతుకుల్లో ఉన్నవాళ్లను మోసినవాళ్లలోనూ ఈ డ్రైవర్లున్నారు.

జంగ్ అయిపోయింది. మెడల్స్ పెట్టుకుని ఇంటికెళ్లి, ఏడాదికోసారి దావత్ చేసుకుని పాత ముచ్చట్లు చెప్పుకోవచ్చు. వాళ్లు అలా చేయలేదు. గలాటీ, ఆయన సాథీలు 1946లో కూర్చుని మష్వరా చేశారు. రెండుసార్లు జఖ్మీలను మోశాం, మూడోసారి మోయాల్సిన గతి రాకుండా ఏం చేయాలి? వాళ్లకు దొరికిన జవాబు చూడండి. పదహారూ పదిహేడేళ్ల పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపాలి. హోటల్లోనో హాస్టల్లోనో ఉంచకూడదు, ఇంట్లో ఉంచాలి. ఆ ఇంటి అమ్మ పిల్లాణ్ణి తన పిల్లాడిలాగే గిన్నెలు కడగమనాలి, ఆలస్యంగా వస్తే కోప్పడాలి.

1947లో పది దేశాల నుంచి 52 మంది పిల్లలు అమెరికా చేరారు. ఆ పదింటిలో సిరియా ఒకటి. కొన్నేళ్లకే జర్మనీ పిల్లలు, ఆ తర్వాత జపాన్ పిల్లలు కూడా వచ్చారు. నిన్నటిదాకా దుష్మన్ దేశాలవి. కొడుకును జంగులో పోగొట్టుకున్న వీధుల్లోనే దుష్మన్ దేశపు పిల్లలు మెహమాన్లుగా తిరిగారు. ఆ ఇళ్లవాళ్లకు మనసులో ఎంత కష్టమై ఉంటుందో కొంచెం ఆలోచించండి.

నేను ఈ కథ చెబుతుంటే మా అల్లుడు, అంటే ఆ డిగ్రీ కుర్రాడు, ఊరుకోలేదు. "అది మంచోళ్ల కథ మామూ. నేనడిగింది సర్కార్ సంగతి" అన్నాడు. వాడి సవాల్ హక్కే. దాచకుండా చెప్పాలి.

2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికా సర్కార్‌కు ఒక సంగతి అర్థమైంది. ముసల్మానుల దేశాల్లో తమ గురించి ఏమనుకుంటున్నారో తమకు తెలియదు, ముసల్మానులెవరో తమ జనానికీ తెలియదు. సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ పూనుకుని 2002లో ఒక ప్రోగ్రాం తెచ్చారు. ఒకరు డెమోక్రాట్, ఇంకొకరు రిపబ్లికన్. దాని పేరు యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ, పొట్టిగా 'యెస్'. ముస్లిం జనాభా బాగా ఉన్న దేశాల హైస్కూల్ పిల్లలకు పూర్తి స్కాలర్‌షిప్పు, ఏడాది చదువు, ఒక ఇంట్లో బస. మన దేశం పేరు కూడా ఆ లిస్టులోకి వచ్చింది. ఆ పిల్లలు అక్కడ చదువుకుంటూనే తమ దేశం గురించి, తమ పండుగల గురించి అక్కడి స్కూళ్లలో చెప్పాలి. ఖిద్మత్ పనులూ చేయాలి. అమెరికా పిల్లల్ని ఇటువైపు దేశాలకు పంపే శాఖ తర్వాత మొదలైంది.

పైసా అమెరికా విదేశాంగ శాఖది. తమ పేరు బాగుపడాలన్న ఆశ అందులో ఉంది, అదేమీ రహస్యం కాదు. 2003 మార్చిలో అదే సర్కార్ ఇరాక్ మీద జంగ్ మొదలుపెట్టింది. అదే ఏడాది 'యెస్' మొదటి బ్యాచ్ పిల్లలు విమానం దిగారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే అది తారీఖ్ కాదు.

మరి పిలిచినవాడి నియ్యత్‌లో మతలబ్ ఉంటే, వెళ్లినవాడి ఇల్మ్ కూడా ఖరాబైనట్టేనా? ఈ సవాల్‌కు జవాబు వెతుకుతుంటే నాకు వెయ్యేళ్ల కిందటి ఒక ముసాఫిర్ గుర్తొచ్చాడు. అబూ రైహాన్ అల్-బిరూనీ.

బిరూనీ 973లో ఖ్వారజమ్‌లో పుట్టాడు. ఇప్పుడది ఉజ్బెకిస్తాన్ వైపు. 1017లో గజనీ సుల్తాన్ మహమూద్ ఖ్వారజమ్‌ను గెలిచి, అక్కడి ఆలిములతో పాటు ఈయన్నీ గజనీకి తీసుకెళ్లాడు. తన ఇష్టంతో వెళ్లిన సఫర్ కాదది. ఆ సుల్తాన్ నీడలోనే ఆయన హిందుస్తాన్ చూశాడు. సుల్తాన్ ఫౌజ్ ఇక్కడ ఏం చేసిందో మనకు తెలుసు. బిరూనీకి మనకంటే బాగా తెలుసు. ఆ హమ్లాల వల్ల ఇక్కడి జనం చెల్లాచెదురయ్యారని, ముసల్మానులంటే నఫ్రత్ పెంచుకున్నారని తన కితాబులోనే రాసుకున్నాడు.

మరి ఆయన చేసిందేమిటి? నలభై దాటిన వయసులో సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ అక్షరాలు తన గొంతులో పలకవని, ఒకే వస్తువుకు ఎన్నో పేర్లున్నాయని, కితాబులన్నీ పద్యాల్లో ఉండి అర్థం చిక్కదని చెప్పుకున్నాడు. అయినా వదల్లేదు. పతంజలి యోగాన్ని అరబీలోకి తెచ్చాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని, టాలెమీ ఖగోళాన్ని సంస్కృతంలోకి మార్చే పనీ పెట్టుకున్నాడు. అంటే తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా. 1030 ప్రాంతంలో ముగించిన కితాబుల్-హింద్‌లో 80 అధ్యాయాలున్నాయి. మొదట్లోనే తన ఉసూల్ చెప్పేశాడు. ఇది మునాజరా కితాబ్ కాదు. హిందువులు ఏం నమ్ముతారో వాళ్ల కితాబుల ప్రకారమే చెబుతాను, ఓడించడానికి కాదు. ఆయనకు నచ్చనివి చాలానే ఉన్నాయి, అవీ రాశాడు. కానీ ముందు వాళ్ల మాట పూర్తిగా విన్నాకే.

సుల్తాన్ నియ్యత్ సుల్తాన్‌ది. బిరూనీ చూపు బిరూనీది. మా అల్లుడికి నేను చెప్పింది ఇదే. పంపేవాళ్ల లెక్క వాళ్లు చూసుకుంటారు. మనం చూడాల్సింది, మన పిల్ల ఏ చూపుతో వెళ్తోంది?

ఆ రోజు సాయంత్రం పిల్లకు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిద్దామని కూర్చోబెట్టాను. అమెరికాలో ఎన్ని రాష్ట్రాలు? టక్కున చెప్పింది. ఐక్యరాజ్య సమితి ఎప్పుడు పుట్టింది? చెప్పింది. ఇంగ్లీషు నాకంటే బాగుంది.

"సరే, గోడ అవతల ఆంటీ వరలక్ష్మీ వ్రతం ఎందుకు చేస్తుంది?" అన్నాను.

"వాయనం ఇస్తారు మామూ. మనకు శనగలు పంపుతారు కదా."

"ఎందుకు చేస్తుందని అడిగాను."

"బంగారం రావాలనేమో" అంది నవ్వుతూ.

"మరి రోజా ఎందుకుంటామని అక్కడి పిల్ల అడిగితే?"

"అల్లా ఉండమన్నాడు కాబట్టి." అక్కడితో ఆగిపోయింది. అల్లా పేరే కొత్తగా వినే పిల్లకు ఆ మాట ఎలా విప్పి చెప్పాలో తనకు తెలియదు. ఒట్టేసి చెబుతున్నా, ఆ క్షణంలో నాకూ తట్టలేదు.

మర్నాడు కాపీ పట్టుకుని పక్కింటికి పంపాను. ఆంటీ చెప్పింది రాసుకొచ్చి, మళ్లీ ఆమెకే చదివి వినిపించమన్నాను. విని ఆమె రెండు చోట్ల దిద్దిందట. "బంగారం కోసం కాదమ్మా, ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని. మా అత్త చేసేది, ఆమె పోయాక నేను పట్టుకున్నా" అందట. తర్వాత ఆమే అడిగిందట, "రోజాలో ఉమ్మి కూడా మింగకూడదంటారు, నిజమేనా?" అని. కాదని మా పిల్ల చెప్పింది. ఇరవై రెండేళ్లుగా ఆ రెండిళ్ల మధ్య సేమ్యాలు, శనగలు గోడ దాటుతున్నాయి. ఈ రెండు సవాళ్లు మాత్రం అప్పటిదాకా దాటలేదు.

సూరా హుజురాత్ చదివే ఇళ్లకు తఆరుఫ్ అనే మాట కొత్తది కాదు. అమల్‌లోనే కమీ ఉంది. మనం పిల్లలకు దునియా గురించి చెబుతున్నామనుకుంటూ దేశాల పేర్లు, జెండాలు, కరెన్సీలు బట్టీ పట్టిస్తున్నాం. అది మాలూమాత్. ఎదుటి మనిషి గురించి, అతను విని "అవును, మేమిలాగే ఉంటాం" అనేలా చెప్పగలగడం వేరే హునర్. మన గురించి కోపం లేకుండా, షరమ్ లేకుండా చెప్పగలగడం ఇంకో హునర్. ఈ రెండూ నేర్చుకోవడానికి వీసా అక్కర్లేదు.

ఇంటర్వ్యూకు అమ్మీ ఒప్పుకుంది. పిల్ల వెళ్లొచ్చింది. సెలెక్ట్ కాలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నసీబ్ అని మేమందరం సముదాయించాం.

కానీ ఆ కాపీ పద్ధతిని నేను నా క్లాసులోకి తీసుకెళ్లాను. మా తొమ్మిదో తరగతిలో అన్ని మజహబ్‌ల పిల్లలున్నారు, బీహార్ నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఇద్దరున్నారు. నెలకొకసారి ఒక్కొక్కరు తనది కాని ఒక ఇంటి గురించి రాయాలి. పండుగో, వంటో, పనో ఏదైనా సరే. రాసింది ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించాలి. దిద్దే హక్ వాళ్లదే, నాది కాదు. నాన్నలు కువైట్‌లో, సౌదీలో ఉన్న పిల్లలకు ఇంకో పని. ఫోన్ చేసినప్పుడు పైసలు, ఫీజుల సంగతి అయ్యాక ఒక సవాల్ అడగాలి: "మీ రూములో ఉండే వేరే దేశం మనిషికి ఇంటి దగ్గర ఏం గుర్తొస్తుంది?" ఒక పిల్లాడి అబ్బా నాకే ఫోన్ చేశాడు. "ఆరేళ్లుగా నా పక్క మంచం నేపాల్ ఆయనది సార్. మావాడు అడిగితే గానీ ఆయనకు ముగ్గురు ఆడపిల్లలున్నారని తెలియలేదు" అన్నాడు.

మీ ఇంట్లోనూ హైస్కూల్ పిల్లలుంటే ఈ నెల ఒక్క కాపీ కొనివ్వండి. గోడ అవతల నుంచే మొదలుపెట్టించండి. ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంల నోటీసులు స్కూళ్లకు వస్తుంటాయి, వాటి కోసమూ అడుగుతూ ఉండండి. ఆడపిల్ల అని అడగడం మానొద్దు. హలాల్ గురించి, నమాజ్ గురించి, ఏ ఇంట్లో ఉంచుతారన్న దాని గురించి ముందే నిలదీసి అడగండి. అది మీ హక్.

మొన్న ఆపా ఇంటికి వెళ్తే అమ్మీ నన్ను పక్కకు పిలిచింది. "ఆ అమెరికా పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారు?" అంది, పిల్లకు వినపడకుండా.