394107: కోసాడ్ పిన్‌కోడ్ సంఖ్యలోని గణితం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, తపతీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్ ప్రాంతపు పిన్‌కోడ్ 394107. ఉత్తరాల బట్వాడా కోసం ఏర్పడిన ఈ ఆరంకెల సంఖ్యకు గణితపరంగా కొన్ని విశేషాలు ఉన్నాయి. పొరపాటున ఒక అంకె మారితే ఆ తప్పును లెక్కతో పట్టుకోగలమా అన్న ప్రశ్నకు కూడా అవి దారితీస్తాయి.

పిన్‌కోడ్ విధానం 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. తపాలా శాఖ ఉన్నతాధికారి, సంస్కృత కవి శ్రీరామ్ భికాజీ వెలణ్‌కర్ దీని రూపకర్త. మొదటి అంకె 3 గుజరాత్, రాజస్థాన్‌లతో కూడిన పశ్చిమ మండలాన్ని తెలుపుతుంది. మొదటి మూడంకెలు 394 సూరత్ పరిధిలోని తపాలా విభాగాన్ని, చివరి మూడంకెలు 107 బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి.

ఇక సంఖ్య విషయానికి వస్తే, దీని అంకెల మొత్తం 24. కనుక ఇది 3తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 7తో భాగింపబడుతుందో లేదో తెలుసుకోవడానికి సులభమైన మార్గం ఉంది. 1001 అనేది 7, 11, 13ల లబ్ధం. అందువల్ల ఆరంకెల సంఖ్యను రెండు సమభాగాలు చేసి, ఒకదాని నుండి మరొకదానిని తీసివేసి, వచ్చిన శేషాన్ని పరీక్షిస్తే చాలు. 394 నుండి 107 తీసివేస్తే 287 వస్తుంది. అది 7కు 41 రెట్లు. కనుక 394107 కూడా 7తో భాగింపబడుతుంది. 287ను 11తో గాని, 13తో గాని భాగిస్తే 1 మిగులుతుంది. కనుక ఆ రెండూ దీనికి కారణాంకాలు కావు.

పూర్తిగా విడదీస్తే 394107 = 3 × 7 × 7 × 7 × 383. చివరిదైన 383 ప్రధాన సంఖ్య. ఈ సంఖ్యకు 1తోను, తనతోను కలిపి 16 కారణాంకాలు ఉన్నాయి. వాటి మొత్తం 6,14,400. అలాగే 706 వర్గం నుండి 323 వర్గాన్ని తీసివేసినా 394107 వస్తుంది.

అయితే ఈ గుణాలేవీ చిరునామాకు రక్షణ కల్పించవు. చేతిరాతలో 7ను 1గా పొరబడితే కోడ్ 394101 అవుతుంది. అది సూరత్‌లోనే ఉన్న మోటా వరాఛా ప్రాంతానిది. రెండూ చెల్లుబాటయ్యే కోడ్‌లే కనుక, పొరపాటు జరిగినట్లు సంఖ్యను బట్టి తెలియదు. చిరునామాలోని ఊరి పేరే దానిని బయటపెట్టాలి.

పిన్‌కోడ్‌లన్నీ 7 గుణిజాలే అయి ఉండాలని నియమం పెట్టినా ప్రయోజనం పాక్షికమే. 7 స్థానంలో 1 వస్తే తప్పు దొరుకుతుంది. 0 వస్తే దొరకదు. 11 గుణిజాలను ఎంచుకుంటే ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా తప్పు బయటపడుతుంది. పుస్తకాలకు ఇచ్చిన పాత పదంకెల ఐఎస్‌బీఎన్ 11పైనే ఆధారపడింది. ఆధార్ సంఖ్యలోని పన్నెండవ అంకె కూడా ఇటువంటి తనిఖీ అంకెయే. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి దానికి ఆధారం.

పిన్‌కోడ్‌లో అటువంటి అంకె లేదు. తెలంగాణ నుండి సూరత్‌కు వలస వెళ్లిన నేత కుటుంబాలకు స్వగ్రామం నుండి ఉత్తరం గాని, పార్సిల్ గాని పంపేవారు కోడ్‌తో పాటు ప్రాంతం పేరును కూడా స్పష్టంగా రాయడం అందుకే అవసరం.