చలికి నిలిచిన వెన్ను

1873లో జపాన్ ఉత్తరపు కొసన, హొక్కైడో దీవిలోని షిమమత్సులో నకయామ క్యూజో అనే రైతు వరి వేశాడు. అంత చలిలో వరి ఎక్కడ పండుతుందని అందరూ అనుకుంటున్న కాలమది. ఆయన వాగు నీటిని నేరుగా మడికి పెట్టలేదు. కాలువను మెలికలు తిప్పి, ఎండకు నీరు కాస్త వెచ్చబడ్డాకే వదిలాడు. నారుమడికి రాత్రిళ్లు స్నానానికి కాచిన నీళ్లు మోశాడని కూడా చెబుతారు. విత్తనం అకగే అనే రకం. పంట చేతికొచ్చింది.

ఇరవై ఏళ్లకు, 1893లో, యమగత ప్రాంతంలో అబె కమెజి మరో పని చేశాడు. చలికి దెబ్బతిన్న పొలంలో మూడు వెన్నులు మాత్రం నిండుగా పండి కనిపించాయి. వాటిని అడిగి తెచ్చుకుని, ఏటా విత్తి, ఏరి, కమెనోఓ అనే రకంగా నిలబెట్టాడు. ఈ రోజు జపాన్‌లో అందరి నోటా వినిపించే కోషిహికరి బియ్యం దాని వంశంలోదే. జన్యువు అనే మాట ఇంకా పుట్టనేలేదు. అయినా జన్యుశాస్త్రంలో మొదటి పని, అంటే మొక్కకూ మొక్కకూ ఉన్న తేడాను కనిపెట్టి దాచిపెట్టడం, అక్కడ జరిగిపోయిందనే నేనంటాను.

చలి వరిని ఎక్కడ దెబ్బకొడుతుందో తెలియడానికి చాలాకాలం పట్టింది. పైరు పచ్చగానే ఉంటుంది, వెన్నూ బయటికొస్తుంది, పట్టి చూస్తే తాలు గింజలే. 1970 ప్రాంతంలో సతకే తెత్సువో, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆ ఘడియను పట్టుకున్నారు. ఈనడానికి పది పన్నెండు రోజుల ముందు, పొట్టలో ఉన్న వెన్నులో పుప్పొడి రేణువులు అప్పుడే విడివడుతుంటాయి. ఆ కొద్ది రోజులు చలి పట్టుకుంటే పుప్పొడి చచ్చుబడుతుంది, గింజ కట్టదు. అప్పటికి వెన్ను ఇంకా దుబ్బులో కిందనే ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో జానెడు లోతు నీరు నిలబెడితే, రాత్రి గాలి కన్నా వెచ్చగా ఉండే ఆ నీరే వెన్నును కాపాడుతుంది. క్యూజో నమ్ముకున్నదీ నీటి వెచ్చదనాన్నే.

ఈ చలి దెబ్బను లెక్కచేయకపోతే ఏమవుతుందో 1980లో దక్షిణ కొరియా చూసింది. వరిలో రెండు వర్గాలైన ఇండికా, జపోనికా రకాలను కలిపి తీసిన తొంగిల్ వరి అంతకుముందు దిగుబడులు పెంచి దేశాన్ని ఆదుకుంది. ఆ ఏటి చల్లని వేసవికి అదే కుప్పకూలింది. 1993లో జపాన్ వంతు వచ్చింది. మామూలు పంటలో నాలుగో వంతు పోయి, థాయిలాండ్ నుంచీ చైనా నుంచీ బియ్యం తెప్పించుకోవాల్సి వచ్చింది. పేరున్న ససనిషికి రకం దెబ్బతింది. మియగి ప్రాంతంలో పుట్టిన హితోమెబోరె రకం నిలిచింది. దాన్ని తయారుచేసిన ఫురుకవ కేంద్రంలో చల్లటి నీరు పారే మడుల్లో మొక్కలను నిలబెట్టి, ఏది తాలు పోతుందో ఏది గింజ కడుతుందో చూసి ఏరేవారు.

తర్వాత జన్యువుల వేట. 2005లో నిప్పొన్‌బరె రకం జన్యుపటం పూర్తయ్యాక వేగం పెరిగింది. 2008లో మొలక దశకు సంబంధించిన క్యూఎల్‌టీజీ3-1 దొరికింది. అది ఇటలీ రకం ఇటాలికా లివోర్నోది. 2010లో పొట్ట దశను కాపాడే సీటీబీ1 తేలింది. అది ఇండొనేషియా రకం సిలెవాది. 2015లో నారు దశకు సంబంధించిన కోల్డ్1 వచ్చింది. కణపు పొరలో ఉంటూ చలి తగలగానే లోపలికి కాల్షియం సంకేతం పంపే ప్రోటీన్‌కు అది సూత్రం. చలిని ఓర్చే జపోనికాకూ ఓర్చలేని ఇండికాకూ అందులో తేడా ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం. ఓర్పునిచ్చే ఆ అక్షరం చైనా అడవి వరి నుంచి వచ్చింది. 2017లో పొట్ట దశకే చెందిన సీటీబీ4ఏ చైనాలోని యునాన్ రకం కున్మింగ్ షియావోబైగులో దొరికింది.

వీటిలో ఏ ఒక్కదాన్నీ "చలి జన్యువు" అనడం నాకు నచ్చదు. మొలకకు కావలసింది ఒకటి, నారుకు ఒకటి, పొట్టకు మరొకటి. మన యాసంగి సంగతే చూడండి. తెలంగాణలో డిసెంబరు, జనవరి చలికి నారు ఎర్రబడి ఎదగక నిలిచిపోతుంది. పైరు పొట్టకొచ్చేసరికి ఎండలు ముదురుతాయి. అంటే సీటీబీ1తో మనకు పెద్దగా పనిలేదు, కావలసింది నారును కాపాడే గుణం. తెల్లహంసను చలికి ఓర్చే రకమని రైతులు ఇష్టపడిందీ అందుకే. మిగతా రకాలు వేసినవాళ్లు రాత్రి నారుమడి మీద పాలిథీన్ పట్టా కప్పి పొద్దున్నే తీస్తారు. రాత్రంతా చల్లబడ్డ నీటిని వదిలేసి, బోరు నుంచి గోరువెచ్చగా వచ్చే నీటిని పెడతారు.