ఉత్తరారణ్యములు – కార్చిచ్చు

1950 సెప్టెంబరు 26వ తేదీన బ్రిటనులో సూర్యుడు నీలివర్ణముతో కనబడగా ప్రజలు విస్మయము చెందిరి. ఎడింబరోలో ఆర్. విల్సన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు ఆ కాంతిని పరీక్షించి, ఇంచుమించు సమాన పరిమాణముగల సూక్ష్మ తైలబిందువులు ఎరుపు కాంతిని హెచ్చుగా చెదరగొట్టుటయే కారణమని తేల్చెను. అవి కెనడానుండి తేలివచ్చిన పొగలోనివి. అచ్చట చించాగా నదీప్రాంతమున జూన్ 1న రగిలిన కార్చిచ్చు అక్టోబరు చివరివరకు ఆరక, సుమారు 14 లక్షల హెక్టారుల అడవిని దహించెను. ఊళ్లకు, బాటలకు 10 మైళ్లకు ఆవలనున్న మంటలను ఆర్పు పద్ధతి అప్పుడచ్చట లేదు.

అయినను ఉత్తరారణ్యములకు నిప్పు క్రొత్తకాదు. నల్ల స్ప్రూసు, జాక్ పైను చెట్ల శంకువులు బంకతో మూసికొని యుండును. మంటవేడికి బంక కరగి, పొలుసులు విచ్చుకొని, గింజలు కాలిన నేలపై రాలును. ఒక మంటకును మరియొక మంటకును నడుమ తగిన వ్యవధి మాత్రము ఉండవలెను. ఈ ‘మాత్రము’ చిన్నమాట కాదు. లేత అడవిలో గింజలు చాలవు. నేలమీది నాచుపొర లోతుగా కాలినచోట స్ప్రూసుకు బదులు ఆస్పెను మొదలగు ఆకురాల్చు చెట్లు పెరుగును. పూర్వపు మంటలకు చిక్కక ఆ పొరలో నిలిచియున్న కార్బను సైతము, 2014లో కెనడా వాయవ్య భాగమున లేత అడవులు తగులబడినప్పుడు, కొన్నిచోట్ల గాలిలో కలసెనని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2023లో ఆ దేశమున కాలిన అడవి సుమారు 150 లక్షల హెక్టారులు.