ఉమ్రా, గల్ఫ్ నుంచి సామాన్లు తెచ్చేటప్పుడు: కస్టమ్స్‌లో ఏది ఫ్రీ, దేనికి సుంకం?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఎవరైనా హజ్, ఉమ్రా చేసి వచ్చినా, సౌదీ, కువైట్, దుబాయ్ నుంచి సెలవుపై వచ్చినా బంధువులంతా చూడడానికి వస్తారు. అందరికీ ఖజూర్, తస్బీ, జానమాజ్, అత్తరు ఎంతో కొంత పంచాలి. కొందరు కూతురి పెళ్లికి బంగారం కూడా తెస్తారు. ఓర్వకల్లుకు అంతర్జాతీయ విమానాలు రావు కాబట్టి ఇక్కడివారికి కస్టమ్స్ తనిఖీ ఎక్కువగా శంషాబాద్‌లోనో, బెంగళూరులోనో జరుగుతుంది. లెక్క తెలియక అక్కడ చిక్కుకుంటే ఏళ్ల కష్టార్జితం పోతుంది.

సామాన్ల పరిమితి

2016 నిబంధనల ప్రకారం గల్ఫ్ నుంచి వచ్చే భారతీయులకు 50,000 రూపాయల విలువైన వస్తువుల వరకు సుంకం లేదు. 2026 ఫిబ్రవరి 2 నుంచి దీన్ని 75,000కు పెంచారు. వాడిన బట్టలు, సొంత అవసరాల సామాను ఇందులో లెక్కకు రావు. 18 ఏళ్లు నిండినవారు ఒక ల్యాప్‌టాప్ అదనంగా తెచ్చుకోవచ్చు. ఒకరి పరిమితిని ఇంకొకరి పరిమితితో కలపడం కుదరదు. అంటే నలుగురు వచ్చినా, ఒకే ఖరీదైన వస్తువుకు నలుగురి లెక్క చూపడానికి లేదు. ఫ్లాట్ టీవీకి మాత్రం 2013 ఆగస్టు నుంచే ఈ రాయితీ తీసేశారు, సుంకం కట్టాల్సిందే.

బంగారం

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మహిళలకు 40 గ్రాములు, పురుషులకు 20 గ్రాముల నగలు ఫ్రీ అన్న మాట నిజమే. కానీ అది ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చినవారికే. పదిహేను రోజుల ఉమ్రాకు వెళ్లొచ్చినవారికి ఈ నగల రాయితీ వర్తించదు. ఇంతకుముందు బరువుతో పాటు మహిళలకు లక్ష, పురుషులకు 50,000 రూపాయల విలువ పరిమితి కూడా ఉండేది. ధర పెరిగాక ఆ డబ్బుకు అన్ని గ్రాములు వచ్చేవి కావు. 2026 నిబంధనల్లో విలువ పరిమితి తీసేసి బరువు ఒక్కటే ఉంచారు. బిస్కెట్లు, నాణేలు నగల కింద రావు.

ఇంటి నుంచి వేసుకుని వెళ్లే నగలు ఎక్కువ ఉంటే, బయలుదేరే ముందే విమానాశ్రయ కస్టమ్స్‌లో చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోవాలి. తిరిగొచ్చినప్పుడు అవి మనవేనని చెప్పడానికి అదే రుజువు.

జంజం నీళ్లు

జంజం సీసాలను సూట్‌కేసులో, చెక్ ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. 5 లీటర్ల సీల్ చేసిన డబ్బానే వేరుగా తీసుకుంటారు. ఎన్ని డబ్బాలకు అనుమతి ఉందో ఎయిర్‌లైన్స్‌ను ముందే అడగాలి.

వెళ్లేటప్పుడు

కుర్మాకు, బిర్యానీకి వాడే గసగసాలు (ఖష్‌ఖష్) సౌదీ, యూఏఈ, ఖతర్‌లలో నిషేధం. మసాలా పొడిలో కలిసి ఉన్నా జైలు ముప్పు ఉంది. నిద్ర మాత్రలు, గట్టి నొప్పి మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా, ఆ దేశం నియమాలు చూసుకోకుండా తీసుకెళ్లకూడదు. ఊరివాళ్లే కదా అని సీల్ వేసిన ప్యాకెట్ మోసుకెళ్లినా ప్రమాదమే. లోపల ఏం దొరికినా మోసినవారే జవాబు చెప్పాలి.

అనుమానం ఉంటే రెడ్ ఛానల్

పరిమితి దాటిన వస్తువు ఉంటే రెడ్ ఛానల్‌కు వెళ్లి చెప్పాలి. 5,000 డాలర్లకు మించిన విదేశీ నోట్లు ఉన్నా ప్రకటించాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే సుంకం కట్టి సరుకు ఇంటికి తెచ్చుకోవచ్చు. కట్టే స్తోమత లేకపోతే, 1962 కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ కింద సామాను అక్కడే ఉంచి, దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే అవకాశం కోరవచ్చు. చెప్పకుండా గ్రీన్ ఛానల్‌లో దొరికితే సరుకు జప్తు, జరిమానా, కేసు దాకా పోవచ్చు. అందుకే బిల్లులన్నీ చేతి సంచిలోనే ఉంచుకోవాలి.