సముద్ర ఎనిమోన్ల పెంపకం

సముద్ర ఎనిమోన్ నిడేరియా వర్గానికి చెందిన అకశేరుకం. పువ్వులా కనిపించినా ఇది జంతువు. నోటి చుట్టూ ఉన్న స్పర్శకాలలోని దంశకణాలతో చిన్న జీవులను పట్టి తింటుంది. విశాఖపట్నం తీరపు రాతి గుంటలలో ఎనిమోన్లను చూడవచ్చు. ఉయ్యూరు వంటి డెల్టా పట్టణాలలో వీటిని పెంచేందుకు ఉప్పునీటి అక్వేరియం అవసరం.

గుర్తింపు

* బుడగ ఎనిమోన్ (ఎంటక్మేయా క్వాడ్రికలర్): స్పర్శకాల కొనలు తరచుగా బుడగల్లా ఉబ్బి ఉంటాయి. కొత్తవారికి ఇతర రకాలకంటే అనువైనది.
* తివాచీ ఎనిమోన్ (స్టైకోడాక్టైలా హడ్డోని): పళ్ళెం వంటి పైభాగంపై పొట్టి స్పర్శకాలు ఉంటాయి. పాదం ఇసుకలో ఉంటుంది. చేపలను కూడా తినగలదు.
* ఐప్టేసియా: రాళ్ళతోపాటు తొట్టెలోకి వచ్చే చిన్న గోధుమరంగు ఎనిమోన్. తెగిన ముక్కనుండి కూడా పెరుగుతుంది కాబట్టి గోకి తీయరాదు.

సంరక్షణ

పై రకాల శరీరంలో జూజాంథెల్లే అనే శైవలాలు నివసిస్తూ కాంతితో ఆహారం తయారుచేసి ఇస్తాయి. అందుచేత బలమైన వెలుతురు కావాలి. నీటి ఉష్ణోగ్రత 24-27 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సాంద్రత 1.025 ఉండాలి. డెల్టాలో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి. నీటిని చల్లబరచే చిల్లర్ లేకపోతే శైవలాలు బయటికి పోయి ఎనిమోన్ తెల్లబడుతుంది. ఈ తెలుపు అందమైన రకానికి గుర్తు కాదు, ఆకలికి గుర్తు, అటువంటిదానిని కొనరాదు.

కాలువ, బోరు నీటిని నేరుగా వాడరాదు. ఆర్.ఓ. నీటిలో సముద్ర అక్వేరియాలకు తయారుచేసిన ఉప్పు మిశ్రమం కలపాలి. కొత్త తొట్టెలో నీటి గుణాలు నిలకడకు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఎనిమోన్‌ను ఆ తరువాతే చేర్చాలి. ఇది పాకుతూ తిరుగుతుంది కనుక పంపుకు జాలీ బిగించాలి. చనిపోయిన ఎనిమోన్ నీటిని విషపూరితం చేసి చేపలనూ చంపగలదు. దానిని వెంటనే తీసివేయాలి.