154 మ్యాచ్‌లు, 134 ఓటములు: క్లీవ్‌ల్యాండ్ స్పైడర్స్‌ని ఓడించింది ఎవరు?

ఒక్క నిమిషం ఊహించుకోండి. చిన్నప్పటి నుంచి మీరు ఒకే టీమ్‌కి ఫ్యాన్. సీజన్ మొదలయ్యే ముందు ఆ టీమ్ ఓనర్ ఇంకో ఊళ్లో ఇంకో టీమ్ కొన్నాడు. మీ స్టార్ ప్లేయర్లందర్నీ అటు పంపేశాడు. అక్కడ అక్కర్లేని వాళ్లని ఇటు తోలి, ఇదే మీ టీమ్, టికెట్ కొనుక్కోండి అన్నాడు. మీరైతే కొంటారా?

ఇది కథ కాదండి. 1899లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ అనే ఊళ్లో నిజంగానే జరిగింది. ఆ ఊరి బేస్‌బాల్ టీమ్ పేరు స్పైడర్స్. ఆ ఏడాది 154 మ్యాచ్‌లు ఆడి 20 గెలిచింది, 134 ఓడిపోయింది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన టీమ్ ఇప్పటిదాకా మరొకటి లేదు.

అయితే వీళ్లు మొదటి నుంచీ చెత్త టీమ్ అనుకుంటే పొరపాటే. నాలుగేళ్ల ముందు, 1895లో, ఇదే స్పైడర్స్ బాల్టిమోర్‌ని ఓడించి టెంపుల్ కప్ కొట్టింది. 1898లో కూడా 81 మ్యాచ్‌లు గెలిచింది. టీమ్‌లో సై యంగ్ అనే పిచర్ ఉండేవాడు. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. కెరీర్ మొత్తంలో 511 గెలుపులు ఆయన ఖాతాలో ఉన్నాయి. ఈ రికార్డు ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు. బెస్ట్ పిచర్‌కి ఇచ్చే అవార్డుకి ఆయన పేరే పెట్టారు.

మరి అలాంటి టీమ్‌కి ఏమైంది?

స్పైడర్స్ ఓనర్లు రాబిసన్ అన్నదమ్ములు, ఫ్రాంక్, స్టాన్లీ. క్లీవ్‌ల్యాండ్‌లో జనం సరిగ్గా రావట్లేదని వాళ్ల బాధ. దానికో కారణం ఉంది. ఆ రోజుల్లో పనిచేసే వాళ్లకి సెలవు దొరికేది ఆదివారం. క్లీవ్‌ల్యాండ్‌లో ఆదివారం ఆట ఆడనిచ్చేవారు కాదు. 1897లో ఒక ఆదివారం మ్యాచ్ పెడితే పోలీసులొచ్చి ఆటగాళ్లని అరెస్ట్ చేశారు. సెయింట్ లూయిస్‌లో ఆ గొడవ లేదు. అక్కడి టీమ్ దివాలా తీసి అమ్మకానికి రాగానే రాబిసన్‌లు దాన్ని చేజిక్కించుకున్నారు. క్లీవ్‌ల్యాండ్‌ని మాత్రం అమ్మలేదు. రెండు టీమ్‌లూ ఒకే లీగ్‌లో, ఒకరి చేతిలోనే. అప్పట్లో దాన్ని ఆపే రూల్ లేదు.

ఇంకేముంది! సై యంగ్, జెస్సీ బర్కెట్ లాంటి వాళ్లంతా సెయింట్ లూయిస్‌కి వెళ్లిపోయారు. ఆ టీమ్‌కి పెర్ఫెక్టోస్ అని కొత్త పేరు కూడా పెట్టారు. సీజన్ మొదటి మ్యాచ్ ఎవరి మధ్యో తెలుసా? పెర్ఫెక్టోస్‌కీ స్పైడర్స్‌కీ. పిచింగ్ చేసింది సై యంగ్. తన పాత టీమ్ మీదే 10-1 తేడాతో గెలిచాడు.

ఊళ్లో జనం పిచ్చోళ్లు కాదు కదా. స్టేడియానికి రావడం మానేశారు. సీజన్ మొత్తానికి క్లీవ్‌ల్యాండ్‌లో 42 మ్యాచ్‌లు జరిగితే, అన్నిటికీ కలిపి వచ్చింది 6,088 మంది. అంటే మ్యాచ్‌కి సగటున 145 మంది. మన దగ్గర ఊళ్లో కబడ్డీ పోటీకి కూడా అంతకంటే ఎక్కువ మంది వస్తారు.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. టికెట్ల కలెక్షన్‌లో బయటి నుంచి వచ్చే టీమ్‌కి కూడా వాటా ఉండేది. ఆ వాటా రైలు ఖర్చులకి, హోటల్ బిల్లుకి కూడా చాలట్లేదని మిగతా టీమ్‌లు మేం రాం అనేశాయి. దాంతో స్పైడర్సే ఊరూరా తిరిగి ఆడాల్సి వచ్చింది. బయట 112 మ్యాచ్‌లు ఆడారు, 101 ఓడిపోయారు. పేపర్లు వాళ్లకి దేశదిమ్మరులు అని పేరు పెట్టేశాయి.

జూన్ దాకా టీమ్‌ని నడిపింది లేవ్ క్రాస్. అతను కాస్త బాగా ఆడుతున్నాడని ఓనర్లు అతన్ని కూడా సెయింట్ లూయిస్‌కి లాగేసుకున్నారు. తర్వాత పగ్గాలు జో క్విన్‌కి ఇచ్చారు. ఆస్ట్రేలియాలో పుట్టి మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి మనిషి ఈయనే. ఆట లేనప్పుడు ఆయన చేసే పని అంత్యక్రియల ఏర్పాట్లు చూడటం! ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో వరసగా 24 మ్యాచ్‌లు ఓడారు. చివరి 41 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. జిమ్ హ్యూయీ అనే పిచర్ ఖాతాలో 4 గెలుపులు, 30 ఓటములు. అయినా అతను పిలిచిన ప్రతిసారీ వెళ్లి బంతి పట్టుకున్నాడు.

అక్టోబర్ 15న సిన్సినాటిలో ఆఖరి మ్యాచ్. ఆ రోజు పిచింగ్ చేసింది ఎడ్డీ కోల్బ్ అనే కుర్రాడు. అతని ఉద్యోగం హోటల్లో చుట్టలు అమ్మడం. మ్యాచ్ 19-3తో పోయింది. మొదటి స్థానంలో ఉన్న బ్రూక్లిన్‌కీ స్పైడర్స్‌కీ మధ్య తేడా 84 మ్యాచ్‌లు.

ఇంత చేసి రాబిసన్‌లు సాధించిందేంటి? సెయింట్ లూయిస్ ఐదో స్థానంలో ఆగింది. అంతకుముందు ఏడాది స్పైడర్స్ వచ్చింది కూడా ఐదో స్థానమే! ఒక ఊరి టీమ్‌ని చంపి ఇంకో ఊళ్లో అదే ర్యాంకు తెచ్చుకున్నారన్నమాట.

సీజన్ అయ్యాక లీగ్ 12 టీమ్‌లలో నాలుగింటిని తీసేసింది. అందులో స్పైడర్స్ ఒకటి. 1901లో అమెరికన్ లీగ్ వచ్చాకే క్లీవ్‌ల్యాండ్‌కి మళ్లీ మేజర్ లీగ్ టీమ్ దక్కింది. ఒకే ఓనర్ చేతిలో రెండు టీమ్‌లు ఉండకూడదన్న నిబంధన కూడా తర్వాత వచ్చింది.

ఇప్పటికీ ఏ టీమ్ వరసగా ఓడినా స్పైడర్స్ పేరు తీసి నవ్వుతారు. నా మటుకు నాకు నవ్వు రాదు. ఆ ఆటగాళ్లు గ్రౌండ్‌లో దిగకముందే ఆఫీసులో ఓడిపోయారు. ఓటమి రికార్డు వాళ్ల పేరు మీద ఉంది, సంతకం పెట్టింది మాత్రం ఓనర్లు.

టీమ్ ఓనర్‌దా, ఊరిదా? మీరేమంటారో ఆలోచించండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.