ప్రజాస్వామ్యం: అర్థం, రూపాలు – ‘ప్రజలు’ అంటే ఎవరు?

‘ప్రజాస్వామ్యాన్ని నిర్వచించి, అందులోని రకాలను వివరించండి’ అనే ప్రశ్నకు చాలామంది విద్యార్థులు ప్రత్యక్ష, పరోక్ష ప్రజాస్వామ్యాల నిర్వచనాలు రాసి, చెరొక ఉదాహరణ ఇచ్చి ముగిస్తారు. ఆ సమాధానం తప్పు కాదు, అయితే అసంపూర్ణం. ఏ రూపం గురించి చదువుతున్నా మీరు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఆ వ్యవస్థ ‘ప్రజలు’గా ఎవరిని లెక్కించింది? ఈ భాగంలో నాలుగు చోట్ల చరిత్రను ఆ ప్రశ్నతో పరిశీలిద్దాం.

1. పదం – అర్థం

‘డెమోక్రసీ’ అనే మాట రెండు గ్రీకు పదాల నుంచి వచ్చింది. ‘డెమోస్’ అంటే ప్రజలు, ‘క్రాటోస్’ అంటే అధికారం. ప్రత్యక్షం, పరోక్షం అనే విభజన అధికారాన్ని ఎలా వినియోగిస్తారో చెబుతుంది. ఎవరు వినియోగిస్తారన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయకండి.

2. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం

క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లీస్థెనిస్ చేసిన సంస్కరణలతో ఏథెన్స్‌లో ప్రజాస్వామ్యానికి పునాది పడింది. పౌరులు కొండమీద సభగా కూడి, యుద్ధం, సంధి, శాసనాల వంటి విషయాలపై స్వయంగా ఓటు వేసేవారు. సభ ముందుకు వచ్చే అంశాలను 500 మంది సభ్యుల మండలి సిద్ధం చేసేది. ఆ సభ్యులను ఎన్నుకునేవారు కాదు, చీటీ పద్ధతిలో ఎంపిక చేసేవారు. ఎన్నికలు పేరు, డబ్బు ఉన్నవారికే అనుకూలిస్తాయని, పాలనలో ప్రతి పౌరుడికీ వంతు రావాలని వారి భావన. అయితే స్త్రీలు, బానిసలు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారు ఆ సభలో లేరు. నగర జనాభాలో పౌరులు అల్పసంఖ్యాకులే.

ఇది ప్రాచీన కాలపు లోపం మాత్రమే అనుకోవద్దు. స్విట్జర్లాండ్‌లో రాజ్యాంగ సవరణలపై ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కొన్ని కాంటన్లలో ఓటర్లు ఆరుబయట సమావేశమై చేతులెత్తి నిర్ణయాలు తీసుకునే సంప్రదాయం నేటికీ ఉంది. అలాంటి దేశంలో మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు 1971లో గాని రాలేదు. 1959లో ఆ ప్రతిపాదనను తిరస్కరించింది అక్కడి పురుష ఓటర్లే. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లోనైతే 1990లో కూడా పురుషులు కాదన్నారు. అదే ఏడాది దేశ అత్యున్నత న్యాయస్థానం జోక్యం చేసుకొని మహిళలకు ఓటు ఇప్పించింది. అందరూ కలిసి నిర్ణయించే చోట కూడా ఆ ‘అందరి’లో ఎవరుండాలో ముందే లోపల ఉన్నవారు నిర్ణయించగలరని ఇది తెలుపుతుంది.

3. ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం

విశాలమైన దేశాల్లో ప్రజలంతా ఒకచోట కూడలేరు కనుక ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఇందులో రెండు ప్రధాన రూపాలున్నాయి. పార్లమెంటరీ విధానంలో మంత్రిమండలి దిగువ సభ విశ్వాసం ఉన్నంతవరకే కొనసాగుతుంది. బ్రిటన్, భారత్ ఇందుకు ఉదాహరణలు. అధ్యక్ష విధానంలో అధ్యక్షుని పదవీకాలం శాసనసభ విశ్వాసంపై ఆధారపడదు. అమెరికా ఇందుకు ఉదాహరణ.

బ్రిటన్‌లో పార్లమెంటు శతాబ్దాలుగా ఉన్నా, ఓటు మాత్రం మెట్టుమెట్టుగా విస్తరించింది. 1832 సంస్కరణ చట్టం మధ్యతరగతి పురుషులకు తలుపు తెరిచింది. 1918లో 30 ఏళ్లు దాటిన మహిళల్లో కొన్ని అర్హతలున్నవారికి ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా 21 ఏళ్లకే ఓటు రావడానికి మహిళలు 1928 వరకు ఆగవలసి వచ్చింది.

4. భారత అనుభవం

1935 చట్టం కింద మన దేశంలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే ఓటు ఉండేది. స్వతంత్ర భారత రాజ్యాంగం ఆ మెట్లన్నీ ఒక్కసారిగా తొలగించి, 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఇచ్చింది. 1951–52 ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు కాబట్టి ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో పెట్టె పెట్టారు. నిజాం పాలనలో వయోజన ఓటు ఎరుగని తెలంగాణ ప్రజలు కూడా అప్పుడే తొలిసారి ఓటు వేశారు.

అయితే హక్కు కాగితం మీదికి రావడం వేరు, పేరు జాబితాలోకి ఎక్కడం వేరు. కొన్ని రాష్ట్రాల్లో చాలామంది మహిళలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే నమోదు కుదరదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. ఫలితంగా సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు తొలగిపోయాయి. నియమం కఠినమే. కానీ ఓటరు ఒకరి భార్యగానో కూతురిగానో కాక తానుగా నిలవాలన్న సూత్రం దాని వెనుక ఉంది. ఈ నిర్ణయం న్యాయమా, కాదా అన్నది మీరే వాదించి చూడండి.

తరువాత 61వ సవరణ ఓటు వయస్సును 18కి తగ్గించింది. 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. అంటే ప్రాతినిధ్య వ్యవస్థలోనే ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి కొంత చోటు ఉందన్నమాట.

5. స్వయం అభ్యాసం

అ) ఏథెన్స్, స్విట్జర్లాండ్ ఉదాహరణల్లో ‘ప్రజలు’ అనే మాట పరిధిని పోల్చండి.

ఆ) మీ గ్రామం లేదా వార్డు ఓటరు జాబితా తెరిచి చూడండి. మీకు తెలిసినవారిలో 18 ఏళ్లు నిండినా అందులో లేనివారెవరు? ఎందుకు లేరు? ఒక పేజీకి మించకుండా రాయండి.